సుద్ద పూసుకున్న పులిపిల్ల

పిల్లలూ, అల్లరి ఆపి కుదురుగా కూర్చోండి. అనగనగా నల్లమల అడవిలో ఒక పులిపిల్ల. పేరు గాండ్రుడు. ఒళ్ళు పెరిగింది గాని బుద్ధి పెరగలేదు. ఇంకా అమ్మ తెచ్చిన మాంసమే తినేవాడు.

చలికాలం చివర ఒకనాడు తల్లిపులి గట్టిగా చెప్పింది.

"వానలు పడేలోపు వేట నేర్చుకో. ఆ తర్వాత నీకు ముద్ద తేను. నేర్చుకోకపోతే ఆకలితో పోతావు."

"సరేలేవే అమ్మా" అంటూ వాడు మడుగు దగ్గరికి పోయాడు. అక్కడ ఉత్తరదేశం నుంచి వచ్చిన వలస బాతు ఈదుతోంది.

"బాతు పిన్నీ, మా పులులు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"లేకేం నాయనా! మంచుదేశంలో మీ అన్న ఉన్నాడు. లేత రంగు, ఒత్తు బొచ్చు, రాజులా ఉంటాడు. సముద్రం మధ్య దీవిలో మీ తమ్ముడున్నాడు. పొట్టివాడు, చారలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంకొకడు ఏటి ఒడ్డున రెల్లులో ఉండేవాడు. ఆ రెల్లు నరికేశారు. దాక్కునే చోటు పోయింది. వాడి వంశమే పోయింది."

చివరి మాట గాండ్రుడి తలకెక్కలేదు. మంచుదేశపు అన్న దగ్గరే వాడి మనసు ఆగిపోయింది. పరుగున పోయి సుద్దమట్టి గుంటలో పొర్లాడు. తెల్లగా తయారై వేటకు బయలుదేరాడు.

కణుజు దుప్పి దూరం నుంచే చూసి దూకి పారిపోయింది. అడవిపంది "అదేమిట్రా బాబూ!" అని పొదల్లో దూరింది. జింకల మంద దగ్గరికి పోతే చెట్టు మీది కొండముచ్చు తాత కేకేశాడు.

"ఏరా అబ్బాయ్! ఒంటికి సున్నం కొట్టించావు, పెళ్ళెప్పుడు?"

అడవంతా పకపకా నవ్వింది. జింకలు నవ్వుకుంటూనే పారిపోయాయి.

కడుపు వీపుకు అంటుకుపోయి గాండ్రుడు ఇల్లు చేరాడు. "ఆకలేస్తోందే అమ్మా" అన్నాడు.

ఆ పూటకి అమ్మ ముద్ద పెట్టలేదు. జరిగిందంతా విని ఒక్క మాట అంది.

"రెల్లు పోయి ఆ పులి పోయింది. నీకు ఎండుగడ్డి ఉంది, దానికి సరిపడే చారలున్నాయి. ఉండీ పోగొట్టుకుంటావా?"

గాండ్రుడు సిగ్గుపడ్డాడు. మడుగులో మునిగి సుద్ద కడుక్కున్నాడు. ఎండాకాలమంతా ఎండుగడ్డిలో తోక కూడా ఆడించకుండా పడుకోవడం నేర్చుకున్నాడు. ఒకరోజు జింక మేస్తూ మేస్తూ ముక్కు దాకా వచ్చింది. ఒక్క దూకు! వాడి మొదటి వేట అది. ఆ సాయంత్రమే తొలివాన పడింది. తల్లీకొడుకులు వానలో గంతులేశారు.

మళ్ళీ చలికాలంలో బాతు వచ్చింది.

"గాండ్రుడూ, ఎక్కడున్నావు నాయనా?"

"నీ ముందే ఉన్నా పిన్నీ!"

ఎండుగడ్డే లేచి నిలబడినట్టు లేచాడు. బాతు అదిరిపడి, తేరుకుని కిలకిలా నవ్వింది.

"ఒక వింత విన్నావా? మంచుదేశంలో మీ అన్న కొడుకు నీ సంగతి విని, నీలా నున్నగా ఉండాలని బొచ్చు పీక్కుంటున్నాడు!"

"అయ్యయ్యో! చలికి చస్తాడు! తిరిగి వెళ్ళగానే నా మాటగా చెప్పు పిన్నీ. ముందు అమ్మ మాట వినమను!"

నీతి: పుట్టిన చోటుకు తగిన రూపమే ప్రాణానికి కాపలా. రూపాన్ని చిన్నచూపు చూసినా, చోటును పాడుచేసినా బతుకు నిలవదు.