ఎడమకు నడిచే సంఖ్య

"చదివింది చాలదా గురువుగారూ? ఈ పరీక్షలు పెట్టి మనిషిని హింసించడం దేనికి?" అని సోమన్న అడిగినప్పుడు చయనులుగారు బదులు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. అడిగినదానికి అప్పుడే జవాబిచ్చేస్తే ఆయనకు తిన్నది అరగదు. తీరిగ్గా ఓ పట్టు పొడుం పీల్చి, "పద, సభకు వేళవుతోంది" అన్నారు.

పాపం, సోమన్న భయం సోమన్నది. నిరుడు ఇదే సంస్థానంలో నోరు పెగలక నిలబడిపోయాడు. ఈసారీ తప్పితే గణితం చెప్పే అర్హత ఈ జన్మకు లేనట్టే. అవతల ఊళ్లోవాళ్లు వాడి బడికోసం పాక కూడా వేసి కూర్చున్నారు!

సభలో ఆస్థాన పండితుడు కృత్తివాసశాస్త్రి గొంతు సవరించుకుని, సంఖ్యను మాటల్లో ఇచ్చాడు. "ముని, బాణ, గజ, నేత్ర, వేద, చంద్ర. దీన్ని రెండు మొదలు ఆరుదాకా గుణించి, ఇందులో వింతేమిటో చెప్పు."

మునులు ఏడుగురు, మన్మథుడి బాణాలు ఐదు, దిగ్గజాలు ఎనిమిది, కళ్లు రెండు, వేదాలు నాలుగు, చంద్రుడొక్కడు. ఇదేం బ్రహ్మవిద్య అనుకుని సోమన్న ఇసుకపలక మీద 758241 అని గీశాడు. రెండుతో గుణిస్తే 1516482. మూడుతో 2274723. వింత మాట దేవుడెరుగు, తలాతోకా లేని అంకెలు! గురువుగారి వంక చూస్తే ఆయన పొడుం డబ్బీ మూత వెతుక్కుంటున్నారు.

శాస్త్రి పకపకా నవ్వాడు. "ఏమోయ్, నీకు అక్షరాభ్యాసం ఎడమచేత్తో చేయించారా ఏమిటి?"

సభంతా గొల్లుమంది. సోమన్నకు మాత్రం ఆ నవ్వులు వినబడలేదు. ఎడమ! మాటల్లో చెప్పిన సంఖ్యకు అంకెలు ఎడమకే నడుస్తాయని, మొదటి మాట ఒకట్ల స్థానంలో పడాలని, తొలిరోజు పాఠమే కదా అది! ఓరి నా బుద్ధి మండా అనుకుని, చప్పున పలక చెరిపి కుడినుంచి ఎడమకు వేశాడు. 142857.

ఇక చూడాలి వాడి ఊపు! రెండుతో 285714. మూడుతో 428571. నాలుగు, ఐదు, ఆరు... 571428, 714285, 857142. అవే ఆరు అంకెలు, అదే వరస. ఎవరు ముందు నిలబడతారన్నదొక్కటే తేడా. "చూడండయ్యా! ఎంత గుణించినా ఒక్క అంకె జారలేదు, ఒక్క కొత్త అంకె చేరలేదు!" అని సభ అదిరేలా అరిచాడు. అంతటితో ఊరుకున్నాడా? శాస్త్రి అడగని ఏడుతోనూ గుణించాడు. ఆరు తొమ్మిదులు బారులు తీరాయి. శాస్త్రే లేచొచ్చి, పలక మీదికి వంగి చూసి, "శభాష్! మా మనవణ్ణి నీ బడికే పంపుతాను" అన్నాడు. సోమన్నకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

బయటికి రాగానే గురువుగారి కాళ్ల మీద పడ్డాడు. లేచి కళ్లు తుడుచుకుంటూ, "నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పనే లేదండీ" అన్నాడు.

"గుణించకపోతే ఆ సంఖ్య గుణం మనకెలా తెలిసేదిరా?" అన్నారు చయనులుగారు.