పుట్టిలమ్మ విడిచిన కట్టు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ కృష్ణలోనే రాలిపోవుగాక.

అంచులరేవు పుట్టిలమ్మకు ముఖం లేదు, చేతులు లేవు. ఒడ్డున బోర్లించిన రాతిపుట్టియే అమ్మవారు. అంచు చుట్టూ కట్టు కనిపిస్తుంది, ఒక్క జానెడు మేర తప్ప. ఆ జానెడు ఎందుకు విడిచి ఉన్నదో తెలియకుండా దండం పెడితే సగం ఫలమే.

పూర్వం ఇక్కడ సవారమ్మ అనే మేదరి ఇల్లాలు పుట్టిలు అల్లేది. వెదురుబద్దలతో గంపలా అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవలవి. ఆమె అల్లికలోకి నీటిచుక్క దూరాలంటే ఆమెను అడిగి దూరవలసిందే! పుట్టి నడిపేది ఆమె భర్త ఊశన్న. అంచుకు చివరి కట్టు మాత్రం నడిపేవాడే తన చేత్తో వేయాలన్నది మేదరుల కట్టుబాటు.

ఒకనాడు కొత్త పుట్టికి ఆ ఒక్క కట్టే మిగిలింది. అవతలి ఒడ్డున ఎవరో కేకవేయగా ఊశన్న పాత పుట్టి ఎక్కాడు.

"కట్టు వేసి పోరాదా? జానెడు పని!"

"వచ్చి వేస్తాలేవే. అంతలోకే నీ పుట్టి ముసలిదైపోదులే."

నవ్వుతూ పోయాడు. ఆ సాయంత్రమే వరద వచ్చింది. చేపలు తాటిచెట్ల మీద కాపురం పెట్టినంత వరద! ఊశన్న తిరిగి రాలేదు. ఎండితే వంగదని సవారమ్మ ఆ చివరి బద్దను రోజూ నీళ్లలో నానబెట్టేది. ఆమెతోపాటు ఎదురుచూసి మూడు తరాల కొంగలు ముసలివైపోయాయి.

మళ్లీ వరద వచ్చినప్పుడు నది నడుమ లంకలో గొర్రెలకాపరులు పిల్లాపాపలతో చిక్కుకున్నారు. ఊరికి మిగిలింది ఆ ఒక్క పుట్టే.

"మేం కట్టుకుంటాం, ఇయ్యి వదినా" అన్నారు ఊరివాళ్లు.

"అది ఆయన చేతి కట్టురా. ఇంకొకరు వేస్తే ఆయన రాడని ఒప్పుకున్నట్టే కదా!"

అంతలో లంక నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. సవారమ్మ నానిన బద్ద తీసింది. కళ్లు తుడుచుకుంటూ తానే కట్టు వేసి, తానే నడిపి, అందరినీ గొర్రెలతో సహా ఒక్కసారికే తెచ్చింది. పుట్టి అంత పెద్దది మరి!

ఒడ్డున బోర్లించగానే ఆమె వేసిన కట్టు దానంతటదే విడిపోయింది. పుట్టి రాయి అయింది, విడిన బద్ద మాత్రం వెదురుగానే మిగిలింది. తెల్లవారుజామున ఆ రాతిలో వెలసిన అమ్మవారు సవారమ్మ కలలో కనిపించి, "నీ కట్టు ఆ బిడ్డల కోసం తీసుకున్నాను. అతని కట్టు అతనికే ఉంచాను" అని పలికింది.

నేటికీ ఎదురుచూపులున్నవారు ఆ జానెడు చోట వెదురుబద్ద పెట్టి, కట్టకుండా వెళతారు. అది ఎండకుండా నీళ్లు చల్లడమే ఇక్కడి పూజ. రావలసినవారికి అమ్మ దారి చూపుతుంది. వచ్చినవారే ఆ బద్ద ఇంటికి తీసుకుపోతారు. సవారమ్మ బద్దకు మాత్రం మేమే నీళ్లు చల్లుతున్నాం.

మీరెలాగూ అవతలి ఒడ్డుకే పోతున్నారు కదా. ఆ రేవులో ఎవరైనా పాత పుట్టి నడుపుతూ కనిపిస్తే పేరు అడగండి. ఊశన్న అంటే, బద్ద ఇంకా తడిగానే ఉందని చెప్పండి.