కప్పెక్కిన మేక

గోడలకు బొమ్మలేసే గవరమ్మ, రాజుగారి చిన్న కూతురికోసం బొమ్మల పుస్తకం గీసి తెచ్చింది. అందులో ఓ మేక పూరింటి కప్పెక్కి, దిగే దారిలేక దిక్కులు చూస్తుంటుంది. చివరి పుట ఖాళీ.

“జవాబే లేదు! ఇది పుస్తకమా? ఈమెను ఊళ్లోంచి వెళ్లగొట్టించండి ప్రభూ!” అని ఆస్థాన పండితుడు సోమయాజులు మండిపడ్డాడు.

గవరమ్మ కుంచె తీసింది. “జవాబు తమరు సెలవియ్యండి అయ్యవారూ, ఇప్పుడే గీసేస్తాను.”

“అదెంత పని! నిచ్చెన వెయ్యి.”

“మేక నిచ్చెన దిగుతుందా తాతగారూ?” అంది పాప.

“అయితే గడ్డి చూపించి కిందికి పిలవాలి.”

“కప్పంతా గడ్డేగా! అదే తింటోంది,” అంది పాప.

పండితుడు పుస్తకం అందుకుని, పాప పక్కనే చతికిలబడ్డాడు. గవరమ్మ లోలోపల నవ్వుకుంది.

పొద్దు వాలింది. “ఇంతకీ ఈమెను వెళ్లగొట్టడమేనా?” అని రాజుగారు అడిగారు.

సోమయాజులు పుస్తకంలోంచి తలెత్తలేదు. “ఆగండి ప్రభూ! ముందీ మేకను దిగనివ్వండి.”