ఎగువ వీధి కట్టెలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది, అమ్మడూ. ఆ ఊళ్ళో రెండే వీధులు. ఎగువ వీధి, దిగువ వీధి.

ఊరిపెద్దను ఎన్నుకునే రోజున, పోటీపడేవాళ్ళ పడవల్ని ఇసకలో నిలబెట్టేవారు. ఎవరు కావాలో వాళ్ళ పడవకి జనం భుజం ఆనించి తోసేవారు. ముందు ఎవరి పడవ నీళ్ళు తాకితే వాళ్ళే పెద్ద.

ఆ ఏడు ఎగువ వీధంతా తాతారావు పడవని తోసింది. మొదట ఆనింది ముసలి మసేనమ్మ భుజం. దిగువ వీధి రెండో పడవని తోసింది. తాతారావు గెలిచాడు.

అప్పుడు వలలు ఆరేసుకునే మంచి ఇసకంతా ఎగువ వీధికిచ్చాడు. ఆ తర్వాత చేపల వేలంలో మొదటి వంతు వాళ్ళకే ఇచ్చాడు. ఆ తర్వాత ఎండుకట్టెల కొట్టం కూడా వాళ్ళకే అప్పగించాడు. గాలివానప్పుడు పడవలకి దారి చూపే మంట ఆ కట్టెలతోనే వెయ్యాలి.

ఒక సాయంకాలం గాలి తిరిగి వాన పట్టుకుంది. ఎగువ వీధివాళ్ళు తమ ఒడ్డున మంట వేసుకున్నారు, వాళ్ళ పడవలు వచ్చేశాయి. దిగువ వీధి దేముడమ్మ మొగుడు మాత్రం ఇంకా నీళ్ళమీదే ఉన్నాడు. ఎగువ మంటని చూసుకుని వస్తే అతనికి దారిలో అన్నీ రాళ్ళే.

దేముడమ్మ తడుస్తూ తాతారావు దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, మా ఒడ్డుకి కాసిని కట్టెలియ్యి."

"ఇస్తే మావోళ్ళు ఊరుకుంటారా? రేపు నా పడవకి భుజమెవరిస్తారు?" అన్నాడు తాతారావు, తల దించుకుని.

అడగాల్సింది ఇతన్ని కాదని దేముడమ్మకి అప్పుడు తెలిసింది. అక్కణ్ణించి మసేనమ్మ ఇంటి గుమ్మంలోకి వెళ్ళింది.

"మా ఇసకలోంచి నీ మొగుడి వల తీసి పారేసింది నేనే. మళ్ళీ నా దగ్గరికే వచ్చావా?" అంది మసేనమ్మ.

"పెద్దయ్య నీకే జడుస్తాడప్పా."

ముసలమ్మ కొంగు బిగించి కొట్టానికి నడిచి, కట్టెలమోపు భుజానికెత్తుకుంది. కొట్టం గుమ్మంలో తాతారావు ఎదురయ్యాడు.

"ఏరా తాతారావూ, నీ పడవని తోసిన భుజం ఇదే. అడ్డం రా, చూద్దాం."

తాతారావు పక్కకి జరిగాడు. ముసలమ్మ వెనకాల ఎగువ వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే మోపు ఎత్తారు.

దిగువ ఒడ్డున మంట ఒకసారి ఆరిపోయింది. రెండోసారి పొగే వచ్చింది. మూడోసారి అంటుకుంది. దేముడమ్మ నీళ్ళవైపే చూస్తూ నిలబడింది. చూసి చూసి కళ్ళు మండాయి. అప్పుడు నల్లగా ఒక పడవ ముక్కు కనపడింది. మొగుడు దిగి నడిచొచ్చేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

మళ్ళీ పెద్దను ఎన్నుకునే రోజొచ్చింది. మసేనమ్మ రెండు పడవల మధ్యా నిలబడింది.

"కొట్టం తాళం ఎవరి దగ్గరుంటుందో ముందు చెప్పండి."

తాతారావు తాళంచెవి తీసి దేముడమ్మ చేతిలో పెట్టాడు. పెట్టి, ముసలమ్మ భుజంవైపు చూశాడు.

ముసలమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

పడవేమో ఒడ్డుకి, కట్టేమో కొట్టానికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.