ఉప్పుకీ పుల్లలకీ మధ్య నక్క

కొండమీద అడవిదున్నల రాజ్యం. అక్కణ్ణుంచి ఎనిమిది రోజులు నడిస్తే సముద్రపు ఒడ్డున గూడబాతుల రాజ్యం. కొండమీద ఉప్పు దొరకదు, నాకడానికి ఉప్పు లేక దూడలు నీరసించి కూలబడుతున్నాయి. ఒడ్డున చెట్టన్నది లేదు, గూటికి పుల్లల్లేక ఇసుకలో పెట్టిన గుడ్లు అలలకి కొట్టుకుపోతున్నాయి.

మధ్యలో కనుమ దగ్గర నక్క ఉండేది. ఇటు గుప్పెడు ఉప్పు, అటు చిన్న మోపు పుల్లలు చేరవేసి, ఆ చాకిరీకి బాతుల దగ్గర బుట్టెడు చేపలు పుచ్చుకునేది. ఎవరైనా నేరుగా వెళ్తామంటే మాత్రం దానికి గుండెల్లో రాయి పడేది. అందుకని బాతులు కళ్ళు పొడుస్తాయని దున్నలకీ, దున్నలు పిల్లల్ని తొక్కేస్తాయని బాతులకీ నూరిపోసింది.

ఆ ఏడు ముసలి దున్న సింగన్న మనవడు కూడా ఉప్పు లేక కూలబడ్డాడు. సింగన్న ఇంక ఆగలేదు. పుల్లల మోపు వీపుకెత్తుకుని బయల్దేరాడు. నక్క వెంటపడింది.

"మామా, వాళ్ళు పెట్టింది ముట్టుకోకు. విషం కలుపుతారు."

"సరేలేరా," అన్నాడు సింగన్న.

నక్క ముందే పరుగెత్తి బాతుల పెద్ద ముత్యాలమ్మ చెవిలో ఊదింది. "అమ్మా, మీ చేప కాదన్నవాడు మీకు పగవాడేగా. ఆ వచ్చే దున్న ముట్టుకుంటాడేమో చూడండి."

సింగన్న రాగానే అలలకి కొట్టుకొచ్చిన ఆకులో చేప పెట్టారు. గడ్డి తినే దున్నకి చేప. బాతులన్నీ చూస్తున్నాయి. నక్క మీసాల్లో నవ్వుకుంటోంది.

సింగన్న ఆకుని పళ్ళతో పట్టుకుని లేచాడు. నేరుగా ముత్యాలమ్మ పిల్ల దగ్గరికి నడిచాడు. అలలు మిగిల్చిన ఒకే ఒక్క పిల్ల అది. బాతులు రెక్కలు విప్పి లేచాయి. అంతటి కొమ్ములవాడూ మోకాళ్ళ మీద కూర్చుని, చేపని ఆ పిల్ల ముందు పెట్టాడు.

"మా మందలో పసివాళ్ళు తిన్నాకే పెద్దలు ముట్టుకుంటారమ్మా. నేను చేప తినలేను. మీ దగ్గర ఉప్పుంటే కాస్త పెట్టించండి, అది తింటాను."

పిల్ల చేప మింగి, అతని ముక్కుమీద ఎక్కి కూర్చుంది. ముత్యాలమ్మ కళ్ళు చెమర్చాయి.

"మీరు పిల్లల్ని తొక్కేస్తారని విన్నానన్నా."

"మీరు కళ్ళు పొడుస్తారని విన్నాను తల్లీ."

ఇద్దరూ ఒకేసారి నక్క వైపు తిరిగారు.

"వినడంలో ఏదో పొరపాటు..." అంటూ నక్క వెనక్కి జరిగింది.

నాకు సింగన్నంటే మహా గౌరవం. కొమ్ము విసరకుండా, గొంతు పెంచకుండా రెండు రాజ్యాల్ని కలిపాడు. ఇప్పుడు దున్నలే పుల్లలు మోసుకొస్తాయి, ఉప్పు మోసుకెళ్తాయి. కనుమలో నక్క ఖాళీ బుట్ట పట్టుకుని, వాటికి దారి ఇచ్చి పక్కన నిలబడుతుంది. ఎవరూ దాన్ని ఏమీ అడగరు.

దూరదేశం వాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియాలంటే మధ్యవాణ్ణి అడక్కు, నడిచి వెళ్ళి వాళ్ళ ముంగిట కూర్చో.