పథ్యం తప్పిన నీళ్లు

రాజుగారికి మంత్రాల భైరవయ్య మాటంటే వేదం. మందులూ కత్తులూ అక్కర్లేదు, తను మంత్రించిన విభూతి చాలని ఆయన చెప్పగానే వైద్యుణ్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత కుమ్మరి సాలమ్మ మొగుడికి కాలిపుండు చీముపట్టి, విభూతి పూస్తుండగానే ప్రాణం పోయింది.

"పథ్యం తప్పాడు" అని భైరవయ్య చేతులు దులుపుకున్నాడు.

గుక్కెడు గంజి కూడా దిగని మనిషి ఏం తిని పథ్యం తప్పాడు? సాలమ్మకి కడుపు మండిపోయింది.

ఆ నెల ఆమె కోటకి పంపిన కుండలు నీళ్లు పోయగానే కరిగి బురదైపోయాయి. రాజు ఆమెను సభకి పిలిపించాడు.

"వీటిని ఆవంలో కాల్చావా?"

"లేదు ప్రభూ. నిప్పెందుకని, భైరవయ్యగారి విభూతే పూశాను."

"విభూతి పూస్తే పచ్చికుండ గట్టిపడుతుందటే?" అని భైరవయ్యే గద్దించాడు.

"కుండల్లో ఏ లోపమూ లేదు సామీ" అంది సాలమ్మ. "నీళ్లే పథ్యం తప్పాయి."

రాజు తలవంచుకుని, వైద్యుణ్ని వెనక్కి పిలిపించమన్నాడు.

"మా ఇంటికి ఇక అక్కర్లేదు ప్రభూ" అని సాలమ్మ బయటికి నడిచింది.