పాత పంపు, కొత్త గరిటెలు

గాజువాకలో కార్ల షెడ్డు నడిపే పోలినాయుడు గారికి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమావతికి ఈ అలవాటంటే ఒళ్లు మంట.

ఆయుధపూజ నాడు పొద్దున్నే ఆమె ప్రశ్న పట్టుకొచ్చింది. తన కారుకు టర్బో బిగించింది. అది ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు చిమ్మడానికి పెద్ద ఇంజెక్టర్లు కూడా పెట్టింది. ట్యాంకులోంచి పెట్రోలు తెచ్చే పంపు మాత్రం పాతదే. మార్చుదామంటే షెడ్డులోని పనిముట్లన్నీ పసుపు కుంకుమలతో పూజలో కూర్చున్నాయి, మర్నాటిదాకా ముట్టకూడదు. ఆమె దిగబోయే కార్ల పోటీ మర్నాడు తెల్లవారగానే. పెట్రోలు చాలకపోతే ఇంజిన్ వేడెక్కి లోపలి పిస్టన్లు పాడవుతాయని ఆమె విన్నదే. కానీ ఏడాదిగా ఆ పోటీ మీదే ప్రాణం పెట్టుకుంది.

"ఈ ఒక్కసారికి పాత పంపుతోనే వెళ్లొస్తే ఏమవుతుంది గురువుగారూ?"

"ఇయ్యాల భోజనాల పెత్తనం నీదేనమ్మా. అయ్యి కానీ, సెప్తాను," అన్నారాయన.

హైమావతి ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. పక్క షెడ్ల వాళ్లందరినీ భోజనానికి పిలిచేసింది. వడ్డన చకచకా సాగాలని ఇంతింత గరిటెలు తెప్పించింది. పొయ్యి మాత్రం ఎప్పటిలా ఒక్కటే, దాని మీద వంట గుండిగ ఒక్కటే. పోలినాయుడు గారు అంతా చూశారు, నోరు విప్పలేదు. పైగా విజయనగరం నుంచి వచ్చిన వియ్యంకుణ్ణి స్వయంగా చెయ్యి పట్టి తీసుకెళ్లి బంతి చిట్టచివర కూర్చోబెట్టారు. ఎంత గుండె ధైర్యమో!

వడ్డన ఘనంగా మొదలైంది. మొదటి ఆకుల్లో పులిహోర గుట్టలుగా పడింది. పక్క షెడ్డు నుంచి వెళ్లిన నేను అక్కడే కూర్చున్నాను గనక నాకే ఫిర్యాదూ లేదు. బంతి సగానికొచ్చేసరికి ఆ పెద్ద గరిటెలు గిన్నె అడుగు గోకుతున్నాయి. రెండో వాయి ఇంకా పొయ్యి మీదే ఉంది. వియ్యంకుడు గారు తన ఆకును ఒకసారి, హైమావతిని ఒకసారి చూశారు.

"ఆకు శుభ్రంగా ఉందమ్మా, ఇంకెవరికైనా పనికొస్తాది," అని లేచి చెప్పులేసుకున్నారు.

హైమావతికి తల కొట్టేసినట్టయింది. పరుగున వెళ్లి గేటు దగ్గర ఆయనకు అడ్డంగా నిలబడింది. తప్పంతా తనదేనని బతిమాలి వెనక్కి తెచ్చింది. రెండో వాయి దిగాక తన చేత్తోనే వడ్డించింది. ఆయన మళ్లీ మళ్లీ వేయించుకుని, లేచేటప్పుడు వంట బాగుందని కూడా అన్నారు.

అందరూ వెళ్లిపోయాక ఆమె దండ వేసిన తన కారు పక్కన చాలాసేపు నిలబడింది. పోలినాయుడు గారు తాంబూలం నములుతూ వచ్చారు.

"మళ్లీ ఏడాది దాకా పోటీ లేదండీ," అంది, ఏడుపు ఆపుకుంటూ.

"మా వియ్యంకుడు గనక అలిగి గేటు దాకా ఎల్లాడు, నువ్వు బతిమాలి తెచ్చుకున్నావు," అన్నారాయన. "పిస్టనుకి అలగడం రాదమ్మా. కరిగిపోడమే వొచ్చు."